పాలు తోడుకోకపోవడానికి హార్మోను సూది కారణమా?

సందేహం: దూడ చనిపోయాక మా ఆవు చేపడం (పాలు దించడం) మానేసింది. మందుల దుకాణంలో చెప్పినట్లు పూటపూటా ఆక్సిటోసిన్ అనే హార్మోను సూది వేసి పిండుతున్నాను. మూడు రోజులుగా పాలు తోడుకోవడం లేదు. హార్మోను పాలంటూ వాడుకవాళ్లు వెనక్కి పంపుతున్నారు. ఒక చన్ను వాస్తే అదే దుకాణం వారిచ్చిన ట్యూబులు రోజుకొకటి చొప్పున మూడు ఎక్కించాను, చివరిది నిన్న.

సలహా: మీరు అనుమానిస్తున్నది సూదిని, నేను అనుమానిస్తున్నది మాటవరసకు చివర్లో రాసిన ఆ ట్యూబులను. వాటిలోని యాంటిబయాటిక్ పాలలోకి దిగి, తోడులోని సూక్ష్మజీవులను పెరగనివ్వదు. మరగబెట్టినంత మాత్రాన అది పూర్తిగా పోదు. ఆక్సిటోసిన్ మాత్రం రక్తంలో నిమిషాల్లోనే విరిగిపోతుంది. పాలలో కొద్దిగా ఉన్నా మన కడుపులో అరిగిపోతుంది. ఆవు తనంతట చేపినప్పుడు ఊరేదీ అదే హార్మోను.

ట్యూబు అట్టపై ఎన్ని గంటలు పాలు వాడకూడదో రాసి ఉంటుంది. చివరి ట్యూబు ఎక్కించిన గంట నుంచి లెక్కించి, 72 గంటలని ఉంటే ఆరు పూటల పాలు, వాచిన చన్నువే కాక నాలుగు చన్నులవీ, పారబోయండి. మందు రక్తంలో కలిసి మిగతా చన్నులకూ చేరుతుంది. పాలు తోడుకున్నంత మాత్రాన మందు పోయినట్లు కాదు, గడువే ప్రమాణం. ట్యూబు అమ్మినవారు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే మీకు ఈ చిక్కు వచ్చేది కాదు. పొదుగు తాకి చూడకుండా ఇచ్చే మందును ఇకపై తీసుకోకండి.

సూదిని కూడా మానాలి. రోజూ వేస్తే పొదుగు దానికే అలవాటుపడి, సొంత హార్మోనుకు స్పందించడం తగ్గుతుంది. పశువైద్యుని సలహాతో మోతాదును క్రమంగా తగ్గించండి. ఒకే మనిషి, ఒకే వేళకు, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి తుడిచి, నిమిషం పాటు నిమిరి, చన్నులు నిండాక మొదలుపెట్టి ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పిండడం ముగించాలి. అదిలిస్తే, కొడితే ఆవు పాలు ఎగబట్టేస్తుంది.

పిండే ముందు ప్రతి చన్ను నుంచి మూడు నాలుగు ధారలు నల్లని గుడ్డపై వేసి ముక్కలు పడుతున్నాయేమో చూడండి. పిండిన వెంటనే చన్నులను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పడుకోకుండా ముందు మేత వేయండి. వాపు తగ్గకపోతే మరో ట్యూబు జోలికి పోకుండా, చన్ను కొనను స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టిన పాలను మంచుపెట్టెలో పరీక్షకు పంపండి.