సైన్స్ పాలసీలో పీహెచ్‌డీ: గైడ్ దొరికేదెలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. ఇప్పుడు ఫిజిక్స్‌లో కాకుండా ‘సైన్స్, టెక్నాలజీ, ఇన్నోవేషన్ స్టడీస్’లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. పరిశోధన కేంద్రాల్లో కనిపెట్టినవి రైతుల దాకా ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలని తన కోరిక. చాలామంది ప్రొఫెసర్లకు మెయిల్ పంపింది. ఒకరిద్దరు తప్ప ఎవరూ జవాబివ్వలేదు. ఇక్కడ అడిగినచోటల్లా ఆ సబ్జెక్టు లేదన్నారు. తను పంపిన మెయిల్ ప్రతి కూడా జతచేస్తున్నాను. గైడ్ ఎలా దొరుకుతారు? ఇంటికి దగ్గర్లో వీలవుతుందా? చదివాక ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, మీ ఉత్తరం, మీ అమ్మాయి మెయిల్ రెండూ చదివాను. ఫిజిక్స్ చదివి ఇటు రావడం వల్ల చదివిన చదువు వృథా కాదు. వేర్వేరు శాస్త్రాలవారు కలిసి పనిచేయడమే ఈ రంగానికి పునాది. 1966లో బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ ఫ్రీమన్ అనే ఆర్థికవేత్త సైన్స్ పాలసీ (శాస్త్ర పరిశోధనకు సంబంధించిన విధానాల) పరిశోధన విభాగాన్ని మొదలుపెట్టారు. మన దేశంలో 1980లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ఇదే పనికి నిస్టాడ్స్ అనే సంస్థను నెలకొల్పింది. 2021లో అది మరో సంస్థతో కలిసి ఎన్‌ఐఎస్‌సీపీఆర్‌గా మారి ఇప్పుడు ఢిల్లీలో నడుస్తోంది. ఒక ప్రయోగశాలలో పని ఎలా జరుగుతుందో స్వయంగా చూసిన విద్యార్థికి ఈ రంగంలో మంచి ఆధారం ఉన్నట్టే.

ఇక అసలు విషయం మీ అమ్మాయితోనే మాట్లాడతాను. ఈ పని చేయవలసింది తనే కదా.

అమ్మా, నీ మెయిల్‌లో పరిశోధన అంశం ‘భారతదేశంలో శాస్త్ర సాంకేతిక ఆవిష్కరణలు, గ్రామీణాభివృద్ధి’ అని ఉంది. అదే మెయిల్ పేరు కూడా మార్చకుండా అందరికీ వెళ్లింది. చదివిన ప్రొఫెసర్‌కు అందులో నువ్వు ఏం అడుగుతున్నావో తెలియదు. తాను దానికి తగినవారో కాదో కూడా తెలియదు. అలాంటి ఉత్తరాన్ని పక్కన పెట్టడం తప్ప వారు చేయగలిగింది లేదు. నీకు ముందు కావలసింది గైడ్ కాదు, ప్రశ్న. ప్రశ్న సన్నబడేకొద్దీ దానికి తగిన గైడ్‌ల జాబితా కూడా సన్నబడుతుంది. చివరికి నలుగురైదుగురు మిగులుతారు. వాళ్లకే రాయాలి.

నీ చుట్టూ ఉన్న విషయాన్నే తీసుకుందాం. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలు వచ్చాయి. మన జిల్లాలో వర్షం మీద ఆధారపడి వేరుశనగ వేసే రైతుల్లో వాటిని ఎవరు వేశారు, ఎవరు కదిరి-6 అనే రకం దగ్గరే ఆగిపోయారు, ఎందుకు? ఇది పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న. అయితే దీన్ని ఎలా అడుగుతావన్న దాన్నిబట్టి నీ గైడ్ మారిపోతారు. దీనికి ఈ రంగం చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం రైతుల్లో ఎలా వ్యాపించిందని రయన్, గ్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అయోవా రాష్ట్రంలో పరిశీలించి 1943లో ఫలితాలు ప్రచురించారు. పక్క పొలం రైతు మాట, ఇరుగుపొరుగు అనుభవం ఎంత పనిచేస్తాయో అందులో చూపారు. 1957లో ఆర్థికవేత్త గ్రిలికెస్ అదే విత్తనాన్ని తీసుకున్నారు. ఆ విత్తనం ఒక ప్రాంతంలో ముందు, మరో ప్రాంతంలో ఆలస్యంగా ఎందుకు పాకిందో లాభం లెక్కలతో వివరించారు. విత్తనం ఒకటే, ప్రశ్నలు రెండు, శిక్షణ పొందిన పద్ధతులు రెండు. నువ్వు ఇప్పుడు సరిగ్గా అదే మలుపులో నిలబడి ఉన్నావు.

రైతు ఎవరి మాట నమ్మి కొత్త రకం వేస్తాడు, పరిశోధకుడు రైతు అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాడా అని అడగాలనుకుంటే నీకు సామాజిక శాస్త్ర నేపథ్యం ఉన్న గైడ్ కావాలి. గ్రామంలో నెలల తరబడి ఉండి మాట్లాడే పద్ధతి నేర్పేవారు వాళ్లే. విత్తనోత్పత్తి చేసే సంస్థ, డీలరు, రాయితీ, బ్యాంకు, పరిశోధన కేంద్రం కలిసి ఒక వ్యవస్థగా ఎలా పనిచేస్తున్నాయి, ఎక్కడ తెగిపోతున్నాయి అని అడిగితే ఆవిష్కరణల ఆర్థిక శాస్త్రం తెలిసినవారు కావాలి. ఫలానా రకానికి నిధులు ఇవ్వాలని, ఫలానా పరిశోధన ఆపాలని ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలులో నిర్ణయించారు అని అడిగితే విధాన పరిశోధన లేదా శాస్త్ర చరిత్ర చేసేవారు కావాలి. మూడూ మంచి దారులే. నీకు ఏ పని చేస్తుంటే పొద్దు తెలియకుండా గడుస్తుందో చూసుకో. లెక్కల్లోనా, మనుషులతో మాటల్లోనా, పాత కాగితాల్లోనా? ఎమ్మెస్సీలో మార్కులు బాగా వచ్చాయని లెక్కల దారి పట్టనక్కర్లేదు.

‘ఆ సబ్జెక్టు మా దగ్గర లేదు’ అన్నవారు అబద్ధం చెప్పలేదు. ఈ పేరుతో ఉన్న విభాగాలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. ఢిల్లీ జేఎన్‌యూలో సైన్స్ పాలసీ అధ్యయన కేంద్రం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విజ్ఞానం, సంస్కృతి, ఆవిష్కరణల అధ్యయన కేంద్రం ఉంది. గుజరాత్ సెంట్రల్ యూనివర్సిటీలో శాస్త్ర సాంకేతిక, ఆవిష్కరణల విధాన కేంద్రం ఉంది. ఇవి కాక, బెంగళూరులో 1988లో జేఆర్‌డీ టాటా చొరవతో ఏర్పడిన నియాస్ అనే పరిశోధన సంస్థ, గ్రామీణ సాంకేతికతపై పనిచేసే ఐఐటీ బొంబాయిలోని సితారా కేంద్రం, తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ నీ ప్రశ్నకు దగ్గరగా ఉంటాయి. ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాలూ చూడాలి. అక్కడ ఒక్కో విభాగంలో ఒకరిద్దరే ఇలాంటి పని చేస్తుంటారు. విభాగం పేరు చూస్తే ఆ సంగతి తెలియదు, మనిషి పని చూస్తేనే తెలుస్తుంది.

మనిషి పని చూడటానికి మన దేశంలో ఉన్న గొప్ప సాధనం శోధ్‌గంగ వెబ్‌సైట్. యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో ఉచితంగా దొరుకుతాయి. ప్రొఫెసర్ వెబ్ పేజీలో రాసుకున్న ‘పరిశోధన ఆసక్తులు’ చదివి ఆగిపోవద్దు. అక్కడ అందరూ అన్నీ రాస్తారు. శోధ్‌గంగలో గైడ్ పేరుతో వెతుకు. వారి దగ్గర పూర్తయిన థీసిస్‌లు మూడు నాలుగు తెరిచి పరిశోధన పద్ధతి అధ్యాయం పూర్తిగా చదువు. పేర్లలో జిల్లా మాత్రమే మారి, లోపల అదే ప్రశ్నావళి, అవే పట్టికలు ఉంటే ఆ గైడ్ దగ్గర నువ్వు కొత్తగా నేర్చుకునేది తక్కువ. ఒక్కో స్కాలర్ ఒక్కో దారిలో వెళ్లినట్టు కనిపిస్తే అది మంచి గుర్తు. కృతజ్ఞతల పేజీ కూడా చదువు. గైడ్ చిత్తుప్రతులు చదివి సరిదిద్దారని రాసిన స్కాలర్ మాటకూ, పొడి మర్యాదతో ముగించిన మాటకూ తేడా నీకే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ సంవత్సరం రాసి ఉంటే సమర్పించిన సంవత్సరంతో పోల్చి చూడు. ఆ తర్వాత చివర ఉన్న గ్రంథసూచికి వెళ్లు. నీకు నచ్చిన థీసిస్‌లో మళ్లీ మళ్లీ కనిపించే భారతీయ పరిశోధకుల పేర్లు రాసుకో. నీ జాబితా అక్కడే తయారవుతుంది.

జవాబు రాకపోవడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండగలరు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఈ రంగంలో పేరున్నవారిలో చాలామందికి ఖాళీ ఉండదు, లేదా విరమణ దగ్గర పడి ఉంటుంది. అందుకే నా సలహా: పెద్ద పేరు కోసం ఏళ్లు కాచుకోవద్దు. ఈ మధ్యే పీహెచ్‌డీ ముగించి చేరి, మంచి వ్యాసాలు రాస్తున్న అసిస్టెంట్ ప్రొఫెసర్లను గట్టిగా పరిశీలించు. వాళ్లకు నీ అధ్యాయం చదివే తీరిక ఉంటుంది, నీ విజయం వాళ్లకూ అవసరం. మరో శాఖ నైపుణ్యం కావాలంటే సహ గైడ్‌ను పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

ఇప్పుడు మెయిల్. ఒక పేజీ దాటకూడదు. నువ్వెవరో రెండు వాక్యాలు. నీ ప్రశ్న ఏమిటో, ఆ ప్రశ్న నీకు ఎక్కడ ఎదురైందో ఒక పేరా. వారి ఫలానా వ్యాసంలో ఏ వాదన నీకు పనికొచ్చింది, ఏ చోట నీ ప్రశ్న అక్కడి నుంచి పక్కకు వెళుతుంది అని ఇంకో పేరా. ఈ పేరా రాయలేకపోతే ఆ ప్రొఫెసర్‌కు ఇంకా రాయకూడదని అర్థం. చివర రెండు విషయాలు అడుగు: ఈ ప్రశ్న మీ పరిధిలోకి వస్తుందా, వచ్చే ప్రవేశాల్లో మీ దగ్గర ఖాళీ ఉందా? సీటు ఇప్పించమని మాత్రం అడగవద్దు. మన యూనివర్సిటీల్లో ప్రవేశం నోటిఫికేషన్, అర్హత పరీక్ష, ఇంటర్వ్యూ ద్వారానే. గైడ్ కేటాయింపు కూడా ఖాళీలు, ప్రత్యేకత, ఇంటర్వ్యూలో నువ్వు చెప్పిన ఆసక్తి చూసి విభాగమే చేస్తుంది. ముందే రాసి ఉంటే ఇంటర్వ్యూ గదిలో ‘ఈ అమ్మాయి ప్రశ్న నాకు తెలుసు’ అనేవారు ఒకరుంటారు, అంతే. రెండు మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయి. అప్పటికీ రాకపోతే తర్వాతి పేరుకు వెళ్లు.

ఎవరైనా సుముఖత చూపితే వారి ప్రస్తుత స్కాలర్లలో ఇద్దరితోనైనా ఫోనులో మాట్లాడకుండా ముందుకు వెళ్లవద్దు. అధ్యాయం ఇస్తే ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది, క్షేత్ర పర్యటన ఖర్చు ఎవరు భరిస్తారు, వ్యాసంలో మొదటి పేరు ఎవరిది, గైడ్ అభిప్రాయంతో విభేదించినప్పుడు ఏం జరిగింది, మధ్యలో మానేసినవారు ఉన్నారా అని అడుగు. మహిళా స్కాలర్లతో విడిగా మాట్లాడి, ఆయన లేదా ఆవిడ ప్రవర్తన గురించి సూటిగా అడుగు. వాళ్లు తటపటాయిస్తే ఆ పేరు కొట్టేయి. ఆ విభాగం ఎంత గొప్పదైనా సరే.

అయ్యా, మళ్లీ మీ దగ్గరికి వస్తున్నాను. ఇంటికి దగ్గర్లో అన్నారు. చిత్తూరుకు హైదరాబాద్ కన్నా బెంగళూరు, చెన్నై దగ్గర. నియాస్, ఐఐటీ మద్రాస్ అక్కడే ఉన్నాయి. ఏర్పేడులోని ఐఐటీ తిరుపతి హ్యుమానిటీస్ విభాగాన్ని, ఎస్వీ యూనివర్సిటీ ఆర్థిక శాస్త్ర, సమాజ శాస్త్ర విభాగాలను కూడా నేను పైన చెప్పిన పద్ధతిలోనే, అంటే మనుషుల పని చూసి, పరిశీలించవచ్చు. రాష్ట్ర యూనివర్సిటీలకైతే పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీఆర్‌సెట్ నోటిఫికేషన్ చూస్తుండాలి. కానీ దూరమన్న ఒక్క కారణంతో తగిన గైడ్‌ను వదులుకోనివ్వకండి. మీ అమ్మాయి ప్రశ్న ఈ జిల్లా పొలాల్లో ఉంది. కోర్సు వర్క్ అయ్యాక క్షేత్ర పరిశోధనకు నెలల తరబడి తను ఇక్కడికే వస్తుంది.

ఖర్చు విషయం. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఫెలోషిప్ ఉంటుంది. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకూ నెట్ స్కోరు పనికొస్తుంది. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ విడతల్లో జరుగుతుంది. ఫిజిక్స్‌లో రాసిన నెట్ తను చేరాలనుకున్న విభాగానికి చెల్లుతుందా అన్నది ఆ విభాగం నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఏ సబ్జెక్టులో రాయాలో నిర్ణయించుకోవాలి. విదేశాల సంగతి క్లుప్తంగా: బ్రిటన్‌లో ముందు గైడ్‌తో మాట్లాడి ప్రపోజల్ పంపే పద్ధతి ఎక్కువ. నెదర్లాండ్స్, స్వీడన్, నార్వేల్లో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగ ప్రకటనే. అక్కడ మెయిల్ కాదు, ఆ ప్రకటనకు దరఖాస్తు ముఖ్యం.

ఉద్యోగం గురించి ఉన్నమాట చెబుతాను. ఈ పేరుతో ఉన్న విభాగాలు కొన్నే కాబట్టి అధ్యాపక పోస్టులూ కొన్నే. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ కావాలన్నదే లక్ష్యమైతే ఈ దారి వద్దు. పాలసీ పరిశోధన సంస్థలు, శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే పాలసీ ఫెలోషిప్‌లు, ఎన్‌ఐఎస్‌సీపీఆర్ వంటి చోట్ల శాస్త్రవేత్త పోస్టులు, వ్యవసాయ, వాతావరణ రంగాల్లో పనిచేసే సంస్థలు, ఐఐటీల హ్యుమానిటీస్, పబ్లిక్ పాలసీ విభాగాలు – ఇవీ అవకాశాలు. అందుకే చేరేముందు డిగ్రీ మీద ఏ సబ్జెక్టు పేరు రాస్తారో తప్పక కనుక్కోవాలి. ఆర్థిక శాస్త్రం అనో సమాజ శాస్త్రం అనో ఉంటే తర్వాత దరఖాస్తు చేసే చోట్లు పెరుగుతాయి.

మరో మాట. గైడ్‌ను కుదిర్చిపెడతాం, ప్రపోజల్ రాసిపెడతాం అంటూ డబ్బు అడిగేవారు మీకు తారసపడవచ్చు. ఒక్క రూపాయి ఇవ్వకండి. థీసిస్‌లో కాపీ 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు చేయాలని 2018 యూజీసీ నిబంధన చెబుతోంది. దానికన్నా ముఖ్యం, ఎవరో రాసిన ప్రపోజల్‌తో ఇంటర్వ్యూలో కూర్చుంటే మొదటి ప్రశ్నకే తను తడబడుతుంది.

అమ్మా, ఈ ఏడాది ప్రవేశం దొరకకపోయినా చేయగలిగిన పని ఉంది. ఖరీఫ్‌కు ముందు రైతు సేవా కేంద్రాల్లో రాయితీ వేరుశనగ విత్తనం పంపిణీ జరుగుతుంది. అప్పుడు వెళ్లి, ఏ రకం వచ్చింది, ఏ రకం అడిగారు, దొరకనివారు ఎక్కడ కొన్నారు అని రైతులను, సిబ్బందిని అడిగి అదే రోజు సాయంత్రం రాసిపెట్టుకో. పదిమందితో మాట్లాడాక నీ ప్రపోజల్ మళ్లీ రాయి. ఆ కొత్త ప్రతిని నాకు పంపితే చదివి నా అభిప్రాయం చెబుతాను.