గేమ్‌కు నిధులు అడిగే ముందు దాన్ని ఆడించి చూపండి

విజయనగరంలో ఇద్దరు మిత్రులతో కలిసి చిన్న వీడియో గేమ్ తయారుచేస్తున్నామని, క్రౌడ్‌ఫండింగ్ (ఇంటర్నెట్‌లో చాలామంది దగ్గర కొద్దికొద్దిగా నిధులు సేకరించడం) పేజీలో కథ ఎక్కువగా చెప్పాలా, ఖర్చుల వివరాలు ఎక్కువగా ఇవ్వాలా అని మీరు అడిగారు. నేనూ ఈ ఊరివాడినే. ఒకసారి విఫలమై, రెండోసారి గట్టెక్కిన అనుభవంతో చెబుతున్నాను: ఆ రెండింటికంటే ముందు ఆట కనబడాలి.

మాది ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల లయ మీద నడిచే గేమ్. కళాకారుడు ఛాతీకి కట్టుకున్న రేకు వాయిద్యంపై వేసే దరువును ఆటగాడు తెరపై వేళ్లతో అందుకోవాలి. మొదటిసారి మూడు నిమిషాల వీడియోలో ఆ కళ గొప్పతనాన్నీ మా ఆశయాన్నీ వర్ణించి, చివర్లో కాగితంపై గీసిన నాలుగు బొమ్మలు చూపించాము. 8 లక్షలు అడిగితే 62 వేలు వచ్చాయి. అవి కూడా బంధుమిత్రులు వేసినవే. పైగా లక్ష్యం చేరకపోతే ఏమీ చేతికి రాని పద్ధతి కాబట్టి, అవీ వెనక్కి వెళ్లిపోయాయి. "డబ్బులేసాను గానీ, మీరేటి చేస్తన్నారో నాకు తెలీలేదురా" అని మా మేనమామ అన్న మాట ఆ వైఫల్యానికి సరైన సమీక్ష.

ఆ తర్వాత పది నిమిషాలు ఆడగలిగే డెమో (నమూనా ఆట) తయారుచేసి, సిరిమానోత్సవానికి మా ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లల చేత ఆడించి, వాళ్లు ఎక్కడ విసుగుపడి ఫోన్ పక్కన పెట్టేశారో అక్కడ దిద్దుకున్నాము. కొత్త వీడియో మొదటి క్షణం నుంచే ఆట కనబడింది, డెమోను ఉచితంగా ఇచ్చాము. ఇది పెద్ద ఉదాహరణల్లోనూ కనబడుతుంది: 2013లో 'అండర్‌టేల్' అనే గేమ్ కోసం దాని రూపకర్త టోబీ ఫాక్స్ కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో 5 వేల డాలర్లే అడిగి, డెమోను జనం చేతిలో పెట్టగా, 51 వేల డాలర్లకు పైగా వచ్చాయి.

రెండోసారి 1.8 లక్షలు అడిగి, కళాకారుల పారితోషికం, రికార్డింగ్ ఖర్చు, బొమ్మలు గీసే అమ్మాయికి నాలుగు నెలల చెల్లింపు, క్రౌడ్‌ఫండింగ్ సైట్ తీసుకునే రుసుము ఇలా ప్రతి పద్దునూ విడివిడిగా రాశాము. డబ్బు వేసినవారికి టీషర్టులు ఇస్తామన్నది మాత్రం మా పొరపాటే. కొరియర్ ఖర్చు లెక్కలో వేసుకోలేదు. ఎక్కువ డబ్బు వస్తే లెక్క అవసరం లేదని అనుకోకండి. 2012లో 4 లక్షల డాలర్లు అడిగి 33 లక్షల డాలర్లకు పైగా పొందిన డబుల్ ఫైన్ అనే గేమ్‌ల సంస్థ కూడా, పని విస్తరించి నిధులు చాలక, తన 'బ్రోకెన్ ఏజ్' గేమ్‌ను 2014లో ఒక భాగంగా, 2015లో రెండో భాగంగా విడుదల చేయవలసి వచ్చింది.

ఇంకొకటి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా వినబడి దరువు తప్పుతోందని, దాన్ని సరిచేసే అమరిక ఇంకా పూర్తి కాలేదని పేజీలోనే ఒప్పుకున్నాము. అది చూస్తే జనం జారుకుంటారని మా మిత్రుడు భయపడ్డాడు గానీ, ఆ పేరా చదివాకే డబ్బు వేశామని ముగ్గురు తర్వాత మాకు రాశారు. వారిలో ఒకరు తన దగ్గరున్న నాలుగు రకాల ఇయర్‌ఫోన్లతో పరీక్షించి, ఆలస్యం ఎంతుందో కొలిచి పంపారు.