నెల్లూరు షోరూమ్‌లో కొత్త కారు మీద డిస్కౌంట్ 15 వేల దగ్గరే ఆగిపోయిందా? ముందు కొటేషన్ విడగొట్టించండి

మీరు ఆన్‌రోడ్ మొత్తం (పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ధర) మీద బేరమాడుతున్నారు, అందుకే షోరూమ్ వాళ్లు 15 వేలకు మించి తగ్గడం లేదు. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి, రూపాయి తగ్గవు. తగ్గేవి వేరే ఉన్నాయి.

1. ఏ ఖర్చు ఎంతో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. నోటి లెక్కలు వద్దు.

2. చాలామంది వదిలేసేది ఇన్సూరెన్స్. షోరూమ్‌లోనే చేయించాలన్న రూలు లేదు. బయట ఇంకో కోట్ తీసుకోండి. 3 ఏళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని రేటు ఎక్కడైనా ఒకటే. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లో (మన బండి నష్టానికి), జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) లాంటి యాడ్‌ఆన్‌లలో ఉంటుంది. రెండు కోట్‌లలోనూ ఐడీవీ (బండికి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టే విలువ) ఒకటేనా చూడండి. అది తగ్గించేస్తే ప్రీమియం చవగ్గానే కనిపిస్తుంది మరి! మా బావమరిది బయటి కోట్ చూపించగానే షోరూమ్ వాళ్లే 14 వేలు తగ్గించారు. "బయట చేయిస్తే డిస్కౌంట్ ఇవ్వం" అని బెదిరిస్తే టెన్షన్ పడకండి, రెండూ కలిపి ఏది లాభమో లెక్క వేసుకోండి.

3. హ్యాండ్లింగ్ ఛార్జీలు (బండి తెచ్చి సిద్ధం చేశామని షోరూమ్ వేసేవి) ఉంటే కొట్టేయమనండి. యాక్సెసరీల ప్యాకేజీ కూడా. మ్యాట్లు, సీటు కవర్లు ట్రంకు రోడ్డులో కొనుక్కోవచ్చు.

4. అదే మోడల్‌కి ఒంగోలులో, తిరుపతిలో కూడా కొటేషన్ అడగండి. చెన్నై దగ్గరే కదా అని వెళ్లకండి, వేరే రాష్ట్రం, పన్ను తలనొప్పి.

బండి 10 లక్షలు దాటితే వేసే 1 శాతం టీసీఎస్ (షోరూమ్ ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) గురించి గొడవపడొద్దు, ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు.

అడ్వాన్స్ కట్టేముందు చాసిస్ నంబరు అడిగి తయారైన నెల తెలుసుకోండి. పోయినేడాది బండి అయితే బేరం మళ్లీ మొదటి నుంచి.