డాక్టర్ సలహా: మోచేతి దగ్గర కండ తెగితే మాలిష్ కాదు, సర్జన్ కావాలి

ప్రశ్న: నా వయసు 46. ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. పదకొండు రోజుల క్రితం బోరు మోటారు పైకి లాగుతుంటే తాడు జారి, బరువంతా ఒక్కసారిగా కుడి చేతి మీద పడింది. మోచేతి మడత దగ్గర టప్పుమని శబ్దం వచ్చింది. మర్నాటికి అక్కడంతా నల్లగా కమిలిపోయింది. మా ఊరి ఆర్‌ఎంపీ ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని చెప్పారు. నొప్పి మాత్రలు వేసుకుంటూ రోజూ నూనెతో మాలిష్ చేయించుకుంటున్నాను. నొప్పి చాలా వరకు తగ్గింది. జబ్బ కండ మాత్రం కాస్త పైకి జరిగినట్టు కనిపిస్తోంది. స్క్రూడ్రైవర్ తిప్పబోతే పట్టు రావడం లేదు. మా బావగారికి భుజం దగ్గర ఇలాగే తెగితే ఆపరేషన్ లేకుండానే సర్దుకుంది. నాకు సుగర్ ఉంది, రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తాను. మంచి ఆయింట్‌మెంట్ ఏదైనా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఆయింట్‌మెంట్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ రోజే మాలిష్ ఆపేయండి. ఒకటి రెండు రోజుల్లో ఎముకల సర్జన్‌ను కలవండి. చెయ్యి పట్టి చూడకుండా ఇది ఫలానా అని తేల్చడం సరికాదు. అయినా టప్పుమన్న శబ్దం, కమిలిన చర్మం, పైకి జరిగిన కండ, తిప్పడానికి రాని పట్టు, ఈ నాలుగూ కలిపి చదివితే మోచేతి దగ్గర బైసెప్స్ (జబ్బ కండ) టెండన్, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగం, పూర్తిగా తెగిందేమోనని నా అనుమానం. అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది గడిచిపోయిన ఆ పదకొండు రోజులు.

నొప్పి తగ్గిందని రాశారు. తగ్గుతుంది. పూర్తిగా తెగిన టెండన్ కొద్ది రోజులు సలిపి, తర్వాత చాలామందిలో దానంతటదే నెమ్మదిస్తుంది. సగం తెగినవాళ్లే నెలల తరబడి నొప్పితో తిరుగుతుంటారు. నొప్పి పోయింది కాబట్టి నయమవుతోందని ఇంట్లో అందరూ ధైర్యం చెబుతారు. ఆ లోపల తెగిన కొస కండతో పాటు పైకి ముడుచుకుపోతూ ఉంటుంది, చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతూ ఉంటుంది. ఎక్స్‌రే బాగుందన్న మాట కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, టెండన్ కనిపించదు.

మీ బావగారి సంగతి వేరు. బైసెప్స్ కండకు భుజం వైపు రెండు మూలాలుంటాయి. ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు. మోచేతి దగ్గర ఆ కండ అంతా ఒక్క టెండన్‌గా మారి, ముంజేతిలో బొటనవేలి వైపున్న రేడియస్ ఎముకకు అతుక్కుంటుంది. అది ఊడితే ఆ పని అందుకునే తోడు లేదు.

ఆ పని ఏమిటంటే, చెయ్యి మడవడం ఒక్కటే కాదు. మోచేతిని మడిచే ప్రధాన కండరం దాని కింద ఇంకొకటి ఉంది, అది మీకు క్షేమంగానే ఉండి ఉంటుంది. అందుకే అన్నం కలుపుకుని తినగలుగుతూ ఉంటారు. బైసెప్స్ అసలు బలమంతా బోర్లా ఉన్న అరచేతిని వెల్లకిలా తిప్పడంలో ఉంది. గుడిలో తీర్థానికి చెయ్యి చాచినప్పుడు అరచెయ్యి తిరుగుతుందే, ఆ కదలిక. స్క్రూ బిగించాలన్నా, కారుతున్న నల్లాను గట్టిగా కట్టేయాలన్నా కుడిచేతికి అదే కావాలి. టెండన్‌ను అలాగే వదిలేస్తే ఇలా తిప్పే బలం సుమారు 40 శాతం, మడిచే బలం సుమారు 30 శాతం తగ్గుతుందని సర్జన్లు లెక్క చెబుతారు. ఇంట్లో నెమ్మదిగా గడిపే డెబ్బై ఏళ్ల పెద్దాయనకు, లేదా గుండె జబ్బు వల్ల ఆపరేషన్ ప్రమాదమైన మనిషికి ఆ నష్టంతో సర్దుకోమని నేనే చెబుతాను. కుడిచేత్తో రోజంతా స్క్రూలు బిగించే మీకు ఆ మాట చెప్పడానికి మనసొప్పదు.

సర్జన్ దగ్గర మొదట జరిగేది ఒక చిన్న పరీక్ష. మోచెయ్యి సరిగ్గా మడిపించి, అరచెయ్యి మీ ముఖం వైపు తిప్పమంటారు. బయటి పక్క నుంచి తమ చూపుడువేలిని కొక్కెంలా వంచి, మోచేతి మడతలో బిగుసుకుని ఉండాల్సిన తాడు కిందికి పోనిస్తారు. తాడు ఉంటే వేలు తగులుకుంటుంది. తెగి ఉంటే మెత్తగా జారిపోతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి సర్జన్ ఓడ్రిస్కాల్ బృందం 2007లో వివరించిన పరీక్ష ఇది. దీన్ని ఇంట్లో మీరే చేసుకుని నిర్ధారణకు రావద్దు. పక్కనే ఉండే పలుచని పొర చేతికి తగిలి, టెండన్ బాగుందని భ్రమ కలిగిస్తుంది. అనుమానం మిగిలితే ఎంఆర్‌ఐ తీస్తారు. సగం తెగినట్టు తేలితే కొన్ని వారాలు విశ్రాంతి, ఫిజియోథెరపీతో చూస్తారు. తగ్గకపోతేనే కత్తి పట్టుకుంటారు.

పూర్తిగా తెగితే మొదటి రెండు మూడు వారాల్లో ఆపరేషన్ సులువు. టెండన్ ఇంకా మెత్తగా, చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది. మోచేతి మడతకు కొంచెం కింద చిన్న కోత పెట్టి, పైకి పోయిన కొసను వెతికి కిందికి తెస్తారు. చివర పాడైన భాగం తీసేసి బలమైన దారాలతో అల్లుతారు. రేడియస్ ఎముక మీద అది మునుపు అతుక్కున్న బొడిపె దగ్గర రంధ్రం చేసి, అక్కడ బిగిస్తారు. బిగించే పద్ధతులు చాలా ఉన్నాయి. చొక్కా బొత్తం కాజాలోంచి దూరి అవతల అడ్డంగా నిలిచినట్టు, చిన్న లోహపు బిళ్ళను ఎముక అవతలి వైపు అడ్డంగా నిలపడం ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నారు. కొందరు దారాలున్న చిన్న యాంకర్లను (మేకుల్లాంటివి) ఎముకలోకి దింపుతారు. 1961లో బాయిడ్, ఆండర్సన్ చెప్పిన రెండు కోతల పద్ధతిని కొన్ని మార్పులతో పాటించే సర్జన్లూ ఉన్నారు. వీటిలో ఏది గొప్ప అని అడిగితే, మీ సర్జన్‌కు ఏది బాగా అలవాటో అదే అంటాను.

ఇబ్బందులు లేవని చెప్పను. ముంజేతి బయటి పక్క తిమ్మిరి అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, చాలామందిలో కొన్ని నెలల్లో పోతుంది. అరుదుగా వేళ్లను, బొటనవేలిని పైకి లేపే నరం దెబ్బతింటుంది. అదీ చాలావరకు కోలుకుంటుంది కానీ ఓపిక పట్టాలి. కొద్దిమందికి టెండన్ చుట్టూ అనవసరంగా ఎముక పెరిగి చెయ్యి తిరగడం తగ్గుతుంది. సంతకం పెట్టే ముందు ఇవన్నీ సర్జన్‌ను అడగండి.

ఆలస్యమైతే ఏమవుతుందో నేను చూసిన ఒక్క మనిషి గురించి చెబుతాను. హమాలీ పని. బస్తా జారిన నాలుగు నెలలకు వచ్చాడు. అన్నాళ్లూ నాటు కట్టు, నొప్పి మాత్రలు. ఆపరేషన్‌లో చూస్తే టెండన్ కొస కుంచించుకుపోయి, గట్టి మచ్చలో కూరుకుపోయి ఉంది. ఎంత లాగినా ఎముక దాకా రాలేదు. తొడ వెనుక నుంచి ఇంకో టెండన్ తీసి మధ్యలో అతుకు వేయాల్సి వచ్చింది. ఒక కోతతో పోయేది రెండు చోట్ల కోతలైంది, కోలుకోవడానికి పట్టే కాలం పెరిగింది. రెండో వారంలో వచ్చి ఉంటే బాగుండేదని అతని భార్య వార్డులో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరింకా రెండో వారంలోనే ఉన్నారు.

మాలిష్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. దెబ్బ తగిలిన మోచేతిని రుద్దడం మన దగ్గర తరతరాల అలవాటు. లోపల రక్తం గడ్డకట్టి ఉన్నప్పుడు అలా బలంగా నలిపితే కండలో ఎముక పెరిగి కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. రుద్దేవారి ప్రేమను తప్పుపట్టను, చెయ్యి మాత్రం వారికి ఇవ్వకండి. నొప్పి మాత్రలు పదకొండు రోజులుగా ఎవరి సలహాతో వేసుకుంటున్నారో రాయలేదు. సుగర్ ఉన్నవారిలో అవి కిడ్నీలను ఇబ్బంది పెట్టవచ్చు, కాబట్టి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష అడిగి చేయించుకోండి. మోచేతిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జ్వరానికో, విరేచనాలకో మందుల షాపులో సొంతంగా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ కొని వేసుకునే అలవాటుంటే మానండి, ఆ జాతి మందులు టెండన్లను బలహీనపరచగలవు. సిగరెట్ కూడా అంతే. పొగ తాగేవారిలోనే ఈ టెండన్ ఎక్కువగా తెగుతుంది, కుట్టినది మానడానికీ పొగ అడ్డమే.

ఆపరేషన్ తర్వాత వారం రెండు వారాలు పట్టీ, ఆపై ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మెల్లగా కదలికలు. ఆరు వారాల వరకు ఆ చేత్తో టీ కప్పుకు మించి ఎత్తకూడదు. బలం పెంచే వ్యాయామాలు దాదాపు మూడో నెలలో మొదలవుతాయి. మోటార్లు లాగడం లాంటి బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఇవి సగటు లెక్కలు, మీ చేతిని చూసిన సర్జన్ మాటే మీకు ప్రమాణం.

వెళ్లేటప్పుడు ఎక్స్‌రే ఫిల్ము, వాడుతున్న మాత్రలన్నిటి చీటీ, సుగర్ రిపోర్టులు తీసుకెళ్లండి. రక్తం పలుచబడే మందు వాడుతుంటే ముందే చెప్పండి. ఈలోగా వేళ్లు మొద్దుబారినా, పైకి లేవకపోయినా, వాపు రాయిలా గట్టిపడినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక ఆయింట్‌మెంట్. తెగిన టెండన్‌ను అతికించే ఆయింట్‌మెంట్ ఏదీ లేదు. ఇంట్లో ఉన్నది రాసుకుంటే రాసుకోండి, రుద్దకండి.