సదరం పరీక్షకు వెళ్ళబోయే మేనల్లుడికి

చిరంజీవి సూరిబాబుకు మీ మేనత్త ఆశీస్సులు.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో స్లాటు కోసం గ్రామ సచివాలయంలో పేరు ఇచ్చి వచ్చావని మీ ఆవిడ ఫోనులో చెప్పింది. ఇన్నాళ్ళకైనా ఒప్పుకున్నావు, సంతోషం. కొబ్బరిచెట్టు మీద నుంచి పడి, తొడ ఎముకలో రాడ్డు వేయించుకుని, మోకాలు ముడవక అవస్థపడుతున్న మనిషివి. అయినా ఎవరు పలకరించినా నవ్వుతూ బాగానే ఉన్నానంటావు. నా భయమంతా ఆ అలవాటు గురించే. ఎముకల వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్ళూ ఈ శిబిరాలను దగ్గరుండి చూశాను. లేని బాధ నటించేవాళ్ళు లేకపోలేదు. కానీ ఉన్న ఇబ్బందిని దాచుకుని ఇంటికి పోయినవాళ్ళే ఎక్కువ. అందులోనూ నీలా కొబ్బరికాయల దింపు పనివాళ్ళు మరీ మొండివాళ్ళు. అంతెత్తు చెట్టెక్కినవాడికి మెట్టెక్కలేనని చెప్పడం నామోషీ.

అక్కడ ఏం కొలుస్తారో ముందు తెలుసుకో. నీ అప్పును గానీ, పిల్లల ఫీజులను గానీ డాక్టరు కొలవడు. వైద్యమంతా అయ్యాక నీ ఒంట్లో శాశ్వతంగా మిగిలిపోయిన లోపం ఎంత అన్నదే ఆయన చూసేది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. నీది కాళ్ళూ చేతుల కదలికకు సంబంధించినది. 40 శాతం లేదా అంతకు మించి వస్తేనే పింఛనుకు అర్హత. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఇచ్చే 15,000 నీకు వర్తించదు. ఇప్పిస్తానని ఎవరైనా ఆశపెడితే గడప తొక్కనివ్వకు.

కాగితాల సంగతి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, పడిన రోజు తీసిన ఎక్స్‌రే, రాడ్డు వేశాక తీసినది, ఈమధ్య తీసినది, ఫిజియోథెరపీ చీటీలు, అన్నీ తేదీల వరుసలో పెట్టుకో. డిశ్చార్జి సమ్మరీ వరదనీళ్ళలో తడిసిపోయిందని విన్నాను. ఆ ఆసుపత్రి రికార్డుల విభాగంలో నీ ఐపీ నంబరు, అంటే ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు, చెప్పి నకలు అడుగు. నంబరు గుర్తులేకపోతే చేరిన తేదీ, పేరు చెబితే వెతుకుతారు. విసుక్కుంటారు కూడా, పడాలి. ఆధార్‌లో ఉన్న పేరూ ఆసుపత్రి కాగితాల మీద ఉన్న పేరూ ఒకటేనా అని చూసుకో. మన వైపు ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా రాయించే అలవాటు ఉంది కదా. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు. స్లాటు తీసేటప్పుడు వైకల్యం రకం సరిగ్గా నమోదు చేశారో లేదో రసీదు మీద చూడు. అది తప్పు పడితే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సినవాడివి ఇంకో గది ముందు కూర్చుంటావు.

ఇక పరీక్ష. ఇది బాగా చదువు, మీ ఆవిడ చేత కూడా చదివించు.

డాక్టరు ముందు నిన్ను బల్ల మీద పడుకోబెట్టి తుంటి, మోకాలు, చీలమండ ఎంతవరకు వంగుతున్నాయో కోణం కొలిచే పరికరంతో చూస్తాడు. తరవాత తన చేతిని అడ్డుపెట్టి తొయ్యమంటాడు. అది కండ బలం కోసం. ఒక కాలు పొట్టి అయిందా అని తుంటి ఎముక దగ్గర నుంచి చీలమండ దాకా టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలుస్తాడు. పొట్టిదనంలో మొదటి అర అంగుళానికి ఏమీ రాదు. ఆపైన ప్రతి అర అంగుళానికి 4 శాతం కలుస్తుంది. నీ చెప్పు ఒకపక్కే అరిగిపోతోందని మీ అమ్మ అనేది. కాబట్టి కొలవకుండా వదిలేస్తే, ఒకసారి చూడమని మర్యాదగా అడుగు.

ఆ తరవాత కాలి నిలకడ చూస్తారు. చదునైన నేల మీద నడవడం, ఏటవాలుగా ఉన్నచోట నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ళ మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీదే నిలబడడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ళ మీద నిలవడం, నడుస్తూ మలుపు తిరగడం వంటివి. ఆసుపత్రి వరండాలో ఏటవాలు ఎక్కడుంటుంది? ఉన్నా, హడావుడి రోజున అన్నీ చేయించే తీరిక దొరకదు. అప్పుడు నోటితో అడుగుతారు. నీ చిక్కంతా అక్కడే వస్తుంది. "ఏటిగట్టు ఎక్కగలవా?" అంటే నువ్వు "ఎక్కుతానండి" అంటావు. ఎక్కుతావు, నిజమే. పక్కనున్న కొమ్మ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి, రెండోదాన్ని ఈడ్చుకుంటూ, మధ్యలో ఆగి ఎక్కుతావు. వాన పడి గట్టు జారుడుగా ఉంటే అసలు ఎక్కవు, చిన్నవాణ్ణి పంపుతావు. డాక్టరుకు కావలసిన జవాబు అదంతా. ఎక్కుతానన్న ఒక్క మాట చెబితే ఆయన అదే రాసుకుంటాడు. ఆయన తప్పేముంది అందులో?

అందుకని శిబిరానికి ముందు ఒక వారం పాటు నీ రోజు ఎలా గడుస్తోందో మీ ఆవిడ చేత రాయించు. నువ్వు రాస్తే సగం మింగేస్తావు. లేవడానికి ఎంతసేపు, దొడ్లోకి వెళితే కూర్చోవడానికి ఏం పట్టుకుంటున్నావు, భోజనానికి కింద కూర్చోగలుగుతున్నావా, పీటా కుర్చీయా, ఏరు దాటించే పంటు దిగేటప్పుడు ఎవరి భుజం పట్టుకున్నావు, రాత్రి నొప్పికి ఎన్నిసార్లు లేచావు, ఎప్పుడైనా పడ్డావా. బాగున్న రోజు బాగుందనే రాయించు. చెడ్డ రోజుల్ని మాత్రమే ఏరి చెబితే అనుభవమున్న డాక్టరు ఇట్టే పట్టేస్తాడు. వారంలో ఏవి ఎక్కువో అదే నీ పరిస్థితి.

దెబ్బతిన్న నీ మణికట్టు గురించి కూడా చెప్పడం మరచిపోకు. కాలు పెద్దది కాబట్టి చెయ్యి ఎవరికీ గుర్తు రావడం లేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, పంచె కట్టుకోవడం, తల దువ్వుకోవడం, గ్లాసెత్తి నీళ్ళు తాగడం, ఇవన్నీ చేతి పరీక్షలో ఉన్నవే. అయితే రెంటినీ మామూలుగా కూడరు. కాలికి 30, చేతికి 20 వచ్చాయనుకో, మొత్తం 50 కాదు. పెద్దదాన్ని అలాగే ఉంచి, చిన్నదానిలో కొంత తగ్గించి కలిపే లెక్క ఒకటుంది. దాని ప్రకారం సుమారు 43 అవుతుంది. అయినా ఆ 13 శాతమే నిన్ను గీత దాటించవచ్చు. చేతి ఎక్స్‌రే కూడా సంచిలో పెట్టు.

చేతికర్ర వాడుతుంటే తీసుకువెళ్ళు. వాడకపోతే ఆ రోజు కోసం కొత్తది కొనకు. కర్ర పట్టిన అరచెయ్యీ పట్టని అరచెయ్యీ చూస్తేనే తెలిసిపోతాయి. రోజూ వేసుకునే మందులు అలాగే వేసుకో. బాగా నడిచి చూపించాలని అదనంగా నొప్పి బిళ్ళ మాత్రం మింగకు. తొయ్యమన్నప్పుడు ఉన్న బలమంతా పెట్టు. కావాలని వదిలేసే కాలికీ, నిజంగా బలం లేని కాలికీ తేడా వాళ్ళకు తెలుసు. తొడ కండ సన్నబడిందా అని టేపు పెట్టి చూస్తే బయటపడుతుంది. ప్యాంటు లోపల నిక్కరు వేసుకుని వెళ్ళు, తొడ దాకా చూపించడానికి సిగ్గుపడనక్కరలేదు.

మీ ఆవిడను లోపలికి రానిస్తే తీసుకెళ్ళు. కానీ నువ్వు ఒకటి, ఆమె ఒకటి చెప్పి అక్కడే వాదులాడుకోకండి. అలాంటివి చాలా చూశాను, చూస్తున్నవాళ్ళకు సరదాగానే ఉంటుంది.

శిబిరం దగ్గర చెట్టు కింద నిలబడి, ఇంత ఇస్తే ఇంత శాతం రాయిస్తానని ఎవడో ఒకడు చెవిలో ఊదుతాడు. మోసం చేసి వికలాంగుల సదుపాయం పొందినా, పొందాలని చూసినా చట్టంలో రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. జైలు మాట అటుంచు, 2025లో పింఛను తీసుకుంటున్నవారికి మళ్ళీ పరీక్షలు పెట్టారు కదా. కొన్న శాతం అలాంటి రోజున నిలబడదు. నీ కాలు ఎన్నిసార్లు కొలిచినా ఒకటే చెబుతుంది.

సర్టిఫికెట్ వచ్చాక అది శాశ్వతమా తాత్కాలికమా అన్నది మొదట చూడు. తాత్కాలికమైతే గడువు తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకో. 40 కంటే తక్కువ వస్తే అలిగి ఇంట్లో కూర్చోకు. శాతం వేసిన డాక్టర్ల బోర్డు నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షనులో ఉంది. అప్పీలులో నీ కష్టాలన్నీ ఏకరువు పెట్టకుండా, ఏది కొలవలేదో, ఏ కాగితం చూడలేదో అది రాయాలి. ఆ అర్జీ నేను రాసిపెడతాను.

అమలాపురం వేస్తారో ఎక్కడ వేస్తారో, తేదీ మెసేజ్ రాగానే నాకు ఫోను చెయ్యి. ముందురోజు సాయంత్రమే నరసాపురం రేవులో పంటెక్కి మీ ఊరు వచ్చేస్తాను. తెల్లవారి మొదటి బస్సుకు వెళదాం. ఎక్స్‌రేలు మడతపెట్టకు, అట్ట మధ్యలో పెట్టి తీసుకురా.

మీ అత్తయ్య