వంటింటి జాబులు: ఈసారి అన్నీ మాంసం కూరలే

మావారి స్నేహితులు కుటుంబాలతో పదిహేను మంది ఆదివారం భోజనానికి వస్తున్నారు. కిలో మటన్ వండితే బాగానే కుదురుతుంది. పోయినసారి మూడు కిలోలు వండితే కూర నీళ్ళు నీళ్ళుగా, ముక్క రబ్బరులా వచ్చింది. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది పిన్నిగారూ.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

ముందు రబ్బరు సంగతి చూద్దాం అమ్మాయ్. మాంసం ఎప్పుడు తెచ్చావో రాయలేదు కానీ, ఆదివారం పొద్దున కొట్టు దగ్గర నిలబడి, కళ్ళముందు కోయించుకుని, ఇంటికి రాగానే పొయ్యి మీద పెట్టి ఉంటావని నా అనుమానం. వేటను, అంటే మేకను, కోశాక కాసేపటికి కండ బిగుసుకుపోతుంది. ఆ బిగువు మీద వండితే ముక్క పంటికి లొంగదు. కొన్ని గంటలు గడిస్తే దానంతట అదే సడలుతుంది. అందుకని శనివారమే తెప్పించు. కడిగి, నీళ్ళు పూర్తిగా వార్చి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో కింది అరలో మూతపెట్టి ఉంచు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకు.

కొట్టులో 'బోన్‌లెస్' అనే మాట మర్చిపో. మెడ, ముందుకాలు, పక్కటెముకలు కలిపి కొట్టమను. ఎముక చుట్టూ ఉండే జిగురు కరిగితేనే పులుసు చిక్కబడుతుంది. అది కరగాలంటే మామూలు గిన్నెలో సన్నసెగ మీద గంటన్నర పైనే పడుతుంది. కుక్కర్ అయితే మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి 25 నిమిషాలు. విజిళ్ళు లెక్కపెట్టకు, నీ కుక్కర్ కూతా నా కుక్కర్ కూతా ఒకటి కాదు.

ఇక నీళ్ళ సంగతి. కిలోకి గ్లాసు పోస్తావు కాబట్టి మూడు కిలోలకి మూడు గ్లాసులు పోసి ఉంటావు. ఆవిరయ్యేది గిన్నె మూతి వెడల్పును బట్టి, మాంసం బరువును బట్టి కాదు. పైగా మూడు కిలోలూ ఒక్కసారి మూకుట్లో కుమ్మరిస్తే సెగ చాలక ముక్క వేగదు, తన నీళ్ళలో తనే ఉడుకుతుంది. రెండు విడతలుగా వేయించు. నీరంతా ఇగిరి నూనె తేలాక రెండూ కలిపి గ్లాసున్నర వేడినీళ్ళు పోయి. చాలకపోతే తర్వాత పోసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం.

కారం, ధనియాల పొడి మూడింతలు వేసుకో. లవంగం, దాల్చినచెక్క మాత్రం రెండింతలు దాటనివ్వకు. ఇది నాకు తగిలిన దెబ్బ. మాది తెనాలి, మెట్టినిల్లు కరీంనగర్ వైపు. పెళ్ళయిన ఏడు దసరాకి మా పుట్టింటి గొప్ప చూపిద్దామని గసగసాలు, కొబ్బరి, జీడిపప్పు నూరి, గరం మసాలా దండిగా దట్టించి వండాను. మామగారు రెండు ముద్దలు తిని, "కూర మంచిగనే ఉంది బిడ్డా, యాట ఏడుంది?" అన్నారు. యాట అంటే వాళ్ళ మాటలో వేటే. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ తర్వాత మా అత్తగారు ఉల్లిపాయ, కారం, ధనియాలు, ఎండుకొబ్బరితో వండిన కూర బగారా అన్నంలో తిన్నాక గానీ ఆయన అడిగింది ఏమిటో నాకు అర్థం కాలేదు.

దుబాయ్‌లో ఐదుగురం ఒకే రూములో ఉంటున్నాం. సెలవు రోజున వంట నాది. గసగసాలు లేక మటన్ కూరకి రుచి రావడం లేదు. ఊరినుంచి వస్తున్న ఒకాయనతో అమ్మ పంపిస్తానంటోంది. ఎంత తెప్పించుకోమంటారు?
– ఒక పాఠకుడు, దుబాయ్

ఒక్క గింజ కూడా వద్దు నాయనా! ముందు అమ్మకి ఫోన్ చేసి చెప్పు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు, అక్కడ నిషేధం. పాపం, మీ సంచి మోసుకొచ్చిన పెద్దమనిషి పట్టుబడితే, వంట సరుకండీ అన్నా వినరు. చిక్కదనానికి కిలోకి పది జీడిపప్పులు, రెండు చెంచాల ఎండుకొబ్బరి నూరి వేసుకో, ఏ లోటూ ఉండదు. మీకు దొరికేది గడ్డకట్టిన మాంసమైతే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించు, వేడినీళ్ళలో వేసి కరిగించకు.

అసలు ఐదుగురు కుర్రాళ్ళకి నేనైతే హైదరాబాదీ దాల్చా చేస్తాను. అరకిలో ఎముకల మాంసంతో అందరి కడుపూ నిండుతుంది. గ్లాసు శనగపప్పు గంట నానబెట్టి విడిగా ఉడికించు. మాంసం ఉల్లి, అల్లం వెల్లుల్లి, కారంతో మెత్తబడ్డాక సొరకాయ ముక్కలు పెద్దవిగా కోసి వెయ్యి. అవి ఉడికాక మెదిపిన పప్పు, నిమ్మకాయంత చింతపండు రసం పోసి పది నిమిషాలు మరగనివ్వు. కరివేపాకు, ఎండుమిరపకాయ తాలింపు పెట్టు. మిగిలితే వేడి తగ్గగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా పొయ్యి మీద వదిలేసే అలవాటు రూముల్లో ఎక్కువని మా అబ్బాయి చెప్పాడులే.

గోంగూర మాంసం వండితే పులుపుకి మనవడు ముట్టడం లేదు. ముక్క కూడా త్వరగా ఉడకదు.
– ఒక అమ్మమ్మ, నరసరావుపేట

ఆకు ముందే వేస్తున్నట్టున్నారండీ. గోంగూర విడిగా మగ్గబెట్టి, మాంసం పూర్తిగా ఉడికాక కలపండి. కాడ ఎర్రగా ఉండే గోంగూర మరీ పులుపు, పిల్లాడి కోసం తెల్ల గోంగూర తీసుకోండి. కిలో మాంసానికి ఒలిచిన ఆకు పావుకిలో చాలు. టమాటా వేస్తున్నట్టయితే ఈరోజే మానేయండి.

నాటుకోడి ఎంతసేపు ఉడికించాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

కోడి వయసు రాసి ఉంటే చెప్పేదాన్ని. లేత పెట్టకి కుక్కర్‌లో పావుగంట, ముదురు పుంజుకి అరగంట దాటినా అడగకూడదు. సంగటి ముద్ద దించాక ఎవరూ ఆగరు కాబట్టి పులుసే ముందు పొయ్యి ఎక్కించండి.

అమ్మ పోయి ఏడాదైంది. నాన్నకి 78, పళ్ళు లేవు. ఒకప్పుడు పాయా అంటే ప్రాణం, ఇప్పుడు పెరుగన్నంతోనే సరిపెట్టుకుంటున్నారు. నాకు పెద్దగా వంట రాదు. పాయా నేను చేయగలనా?
– ఒక కొడుకు, వరంగల్

చేయగలవు బాబూ, కూరలన్నిట్లో తప్పు జరగడానికి చోటు తక్కువున్నది అదే. కాల్చి, శుభ్రంగా గీరిన మేక కాళ్ళు నాలుగు తెచ్చుకో. పసుపు, ఉప్పు రాసి రెండుసార్లు వేడినీళ్ళతో కడుగు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేయించి, కాళ్ళు వేసి, లీటరు నీళ్ళు పోసి, కుక్కర్‌లో సన్నసెగ మీద ముప్పావుగంట ఉంచు. వేళ్ళకి అంటుకునేంత జిగురు వస్తే అయినట్టే. దంచిన మిరియాలు, ధనియాలు, కొత్తిమీర వేసి మరో ఐదు నిమిషాలు. కారం వద్దు, ఉప్పు డాక్టర్ చెప్పినంతే. పెట్టేముందు తప్పకుండా వడకట్టు, కాళ్ళలో చిన్నచిన్న ఎముకలుంటాయి, పళ్ళు లేనివాళ్ళకి గొంతులో అడ్డం పడతాయి. మెత్తటి కండ వేళ్ళతో విడదీసి మళ్ళీ అందులో కలుపు. జొన్నరొట్టె తుంచి నానబెట్టి ఇవ్వు.

మొదటిసారి నువ్వూ పక్కన కూర్చుని తిను. అమ్మ పాయాలో ఏం వేసేదో ఆయన్నే అడుగు. చెప్తారు. ఉప్పు తక్కువైందని కూడా చెప్తారు, అప్పుడు ఉప్పు డబ్బా మాత్రం అందనివ్వకు.