చెప్పింది ఒకటి, పంపింది ఇంకొకటి

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక పాత కెమెరా లెన్స్ కొన్నాను. ‘అద్దాలు శుభ్రంగా ఉన్నాయి, గీతలు లేవు, ఫంగస్ లేదు’ అని రాశారు. పార్శిల్ విప్పి చూస్తే లెన్స్ లోపలి అద్దం మీద ఫంగస్ ఉంది. పోస్టేజీ కింద వస్తువు ధరలో దాదాపు మూడో వంతు తీసుకున్నారు. ఎక్స్‌ప్రెస్‌లో పంపుతామని చెప్పి మామూలు పార్శిల్‌గా పంపారు. అమ్మినాయన మొదట ‘చూస్తాను’ అన్నారు, తర్వాత ‘ఊళ్ళో లేను’ అన్నారు. ఇప్పుడేమో ‘లెన్స్ ధరలో ఐదో వంతు తిరిగి ఇస్తాను, కంప్లైంట్ మాత్రం పెట్టకండి’ అంటున్నారు. పార్శిల్ వచ్చి మూడు వారాలు దాటింది. పెద్ద మొత్తమేమీ కాదు, వదిలేద్దామా అనిపిస్తోంది. నన్ను మోసం చేశారో, ఆయనకే తెలియదో తేల్చుకోలేకపోతున్నాను. పాతవి కొని డబ్బు మిగుల్చుకుందామన్న నా అలవాటే తప్పంటారా?

జవాబు: వదిలెయ్యకండి. ముందు మీరు కొన్న సైట్‌లోకి వెళ్ళి, ‘వస్తువు చెప్పినట్టు లేదు’ అన్న కారణం ఎంచుకుని ఈ రోజే కంప్లైంట్ నమోదు చెయ్యండి. నా జవాబులో మిగతా భాగం ఆ తర్వాత చదువుకోవచ్చు.

ఇంత తొందర పెట్టడానికి కారణం గడువు. ఈబేలో వస్తువు అందాక 30 రోజుల్లోగా కంప్లైంట్ పెట్టాలి. పాత బట్టలు, వస్తువులు అమ్ముకునే విన్‌టెడ్ సైట్‌లో రెండు రోజులే. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ ద్వారా కట్టి ఉంటే డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజులు ఉంటాయి. అయితే అక్కడ ఒక మెలిక ఉంది. వివాదం మొదలుపెట్టాక 20 రోజుల్లోగా దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాల్‌నే తీర్పు చెప్పమని అడిగే అర్జీగా, మార్చకపోతే అది దానంతట అదే మూసుకుపోతుంది, మళ్ళీ తెరవనివ్వరు. వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులతో కడితే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడానికి మామూలుగా 120 రోజుల దాకా వీలుంటుంది. కొన్ని బ్యాంకులు అంతకన్నా తక్కువే ఇస్తాయి కాబట్టి మీ బ్యాంకును అడగండి. మీరు కొన్న సైట్ పేరు రాయలేదు. 30 రోజుల గడువున్నదైతే మీ చేతిలో మిగిలింది వారం మాత్రమే. ‘వచ్చే వారం మాట్లాడదాం’ అన్న మాటకు మీరు ఒప్పుకుంటే ఆ వారం కాస్తా అయిపోతుంది. ఆయన కావాలనే జాప్యం చేస్తున్నారని నేననను. నిజంగానే ఊళ్ళో లేరేమో. కానీ ఆయన ప్రయాణం వల్ల మీ గడువు పెరగదు కదా. కంప్లైంట్ పెట్టాక కూడా మర్యాదగా మాట్లాడుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

‘నన్ను మోసం చేశారో, ఆయనకే తెలియదో తేల్చుకోలేకపోతున్నాను’ అని కూడా మీ ఉత్తరం చివర్లో రాశారు. దాన్ని మీరు తేల్చనక్కర్లేదు. ఇంట్లో ఎవరిదో పాత లెన్స్ తీసి, పైపైన తుడిచి, బాగానే ఉందనుకుని అమ్మకానికి పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆయన మనసులో ఏముందన్నది సైట్‌వాళ్ళు అడగరు, బ్యాంకు అడగదు. రాసినదానికీ వచ్చినదానికీ తేడా ఉందా లేదా, అంతే చూస్తారు. ‘ఫంగస్ లేదు’ అని రాశారు, ఫంగస్ ఉంది. ‘వాపసు తీసుకోబడదు’ అని అమ్మకం పేజీలో ఉన్నా భయపడకండి. ఈబే లాంటి చోట్ల ఆ షరతు మనసు మార్చుకుని తిప్పి పంపేవాళ్ళకు వర్తిస్తుంది తప్ప, చెప్పినట్టు లేని వస్తువు అందుకున్నవాళ్ళకు కాదు.

చిన్న మొత్తానికి కంప్లైంట్ పెట్టడం పిసినారితనమేమో అన్న సంకోచం మీ మాటల్లో కనిపించింది. ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక సంగతి చూపించారు. వస్తువు నాణ్యత అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాళ్ళు దేనికీ మంచి ధర ఇవ్వడానికి సాహసించరు. దాంతో మంచి వస్తువు ఉన్నవాళ్ళు అమ్మడం మానేస్తారు, మార్కెట్‌లో నాసిరకమే మిగులుతుంది. 2001లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కడానికి ఈ పనే ప్రధాన కారణం. ముఖం చూడని మనిషి దగ్గర, చేత్తో పట్టుకోని వస్తువును మనం కొంటున్నామంటే ఆ రాసిన నాలుగు వాక్యాలను నమ్మే కదా. ఆ వాక్యాలు తప్పయినప్పుడు అడగడం నిజాయతీగా అమ్మేవాళ్ళకూ మేలే చేస్తుంది.

ఇక ఆధారాలు. లెన్స్‌ను కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీస్తే ఫంగస్ కనపడదు, ‘నాకేం కనిపించట్లేదే’ అంటారు. గదిలో లైట్లు ఆర్పి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వెళ్ళే రంధ్రం) పూర్తిగా తెరిచి, లెన్స్ వెనకవైపు నుంచి చిన్న టార్చి కాస్త ఏటవాలుగా వెయ్యండి. ముందువైపు నుంచి చూస్తే అద్దం అంచు దగ్గర మొదలై లోపలికి పాకిన సన్నని తెల్లని పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. దుమ్మయితే చుక్కల్లా ఉంటుంది, ఫంగస్‌కు కొమ్మలు ఉంటాయి. ఆ ఫొటోలు రెండు మూడు, ఒక చిన్న వీడియో తీసుకోండి. లెన్స్ మీది సీరియల్ నంబరు కూడా అదే వీడియోలో పడాలి, అప్పుడు ‘ఇది నేను పంపిన లెన్స్ కాదు’ అనే వాదనకు తావుండదు. అమ్మకం పేజీని తారీఖు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కంప్లైంట్ తేలేదాకా లెన్స్ విప్పించకండి, శుభ్రం చేయించకండి. ఒకసారి స్క్రూ తిప్పారంటే పాడైంది ఎవరి చేతిలో అన్న ప్రశ్న మీ మీదికి వస్తుంది. రిపేరు చేసేవాళ్ళకు చూపించి, ఖర్చెంతవుతుందో కాగితం మీద రాయించుకోవడం వరకు పర్వాలేదు.

అమ్మినాయనకు పంపే మెసేజ్ చిన్నదిగా ఉండాలి. ఇలా రాయండి: ‘అమ్మకం పేజీలో ఫంగస్ లేదని ఉంది. నాకు అందిన లెన్స్‌లో వెనక అద్దం లోపల ఫంగస్ ఉంది, ఫొటోలు జత చేశాను. ఎక్స్‌ప్రెస్ పోస్టేజీకి డబ్బు తీసుకున్నారు, మామూలు పార్శిల్‌గా వచ్చింది, లేబుల్ ఫొటో చూడండి. లెన్స్ వాపసు పంపుతాను, పోస్టేజీతో సహా మొత్తం డబ్బు ఇవ్వగలరు.’ ఇక్కడితో ఆపండి. ‘మీలాంటివాళ్ళ వల్లే’ అని మొదలయ్యే వాక్యం ఒక్కటి కూడా వద్దు. డబ్బు ఇవ్వకపోతే చెడ్డ రేటింగ్ ఇస్తానని అసలే అనకండి. ఈబేలో అది నిబంధనలకు విరుద్ధం, న్యాయం మీవైపు ఉండి కూడా మీరే ఇరుక్కుంటారు. ఈ మాటలన్నీ సైట్ మెసేజ్‌లలోనే జరగాలి. ఫోన్‌లో మాట్లాడుకున్నదానికి రుజువు ఉండదు.

ఇప్పుడు ఆయన ఇస్తానంటున్న ఐదో వంతు సంగతి. లెన్స్ ధర 100 అనుకుందాం, పోస్టేజీ 30. మీ చేతి నుంచి పోయింది 130. ఆయన 20 తిరిగి ఇస్తే, ఫంగస్ ఉన్న లెన్స్‌కు మీరు 110 పెట్టినట్టు. ‘ఫంగస్ ఉంది’ అని నిజం రాసి ఉంటే మీరు 110 పెట్టేవారా? అలాంటి లెన్స్‌లు ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. అమ్మకానికి పెట్టిన ధరలు కాదు, అమ్ముడైపోయిన ధరలు. అది 45 అనుకుంటే, మామూలు పార్శిల్‌కు ఇంకో 12 వేసుకోండి, మొత్తం 57. అంటే లెన్స్ ఉంచుకోవడానికి మీకు న్యాయంగా రావాల్సింది 73, ఆయన ఇస్తానంటున్నది 20. అద్దం మీది పూతను (కోటింగ్) ఫంగస్ తినేసి ఉంటే శుభ్రం చేయించినా మచ్చ పోదు కాబట్టి, రిపేరు ఖర్చు తీసుకుని సరిపెట్టుకోవడం కూడా మీ విషయంలో నాకు నచ్చడం లేదు. వాపసే మేలు.

వాపసులో ఇంకో లాభం ఉంది. చెప్పినట్టు లేని వస్తువును తిప్పి పంపితే ఈబే లాంటి చోట్ల మొదట కట్టిన పోస్టేజీ కూడా వెనక్కి వస్తుంది, తిప్పి పంపే ఖర్చు అమ్మినవాళ్ళే భరించాలి. కాబట్టి పోస్టేజీ గురించి విడిగా గొడవపడాల్సిన పని మీకు ఉండదు. సైట్‌లో చూపించిన చిరునామాకే, ట్రాకింగ్ ఉన్న సర్వీసులోనే పంపండి. ‘ముందు కంప్లైంట్ మూసెయ్యండి, తర్వాత డబ్బు వేస్తాను’ అంటే ఒప్పుకోవద్దు. డబ్బు మీ ఖాతాలో పడ్డాకే మూసెయ్యండి.

వాపసు కుదరని పక్షంలో పోస్టేజీ వాదన ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో తెలుసుకోవాలి. కొనేముందు పోస్టేజీ ఎంతో తెర మీద కనిపించింది, మీరు ఒప్పుకుని కట్టారు. అది ఎక్కువన్నది నిజమే అయినా, ఆ కారణంతో డబ్బు వెనక్కి రాదు. కానీ ఎక్స్‌ప్రెస్‌కు తీసుకుని మామూలుగా పంపడం వేరు. మీరు కొన్న సర్వీసు మీకు అందలేదు, ఆ తేడా అడిగే హక్కు మీకుంది. పార్శిల్ పెట్టె పారెయ్యలేదు కదా? లేబుల్ మీద సర్వీసు పేరు, బరువు ఉంటాయి, ఫొటో తీసుకోండి. డబ్బు కట్టాక ‘బరువు ఎక్కువైంది, ఇంకొంత పంపండి’ అని అడిగినా అంతే, ఇవ్వాల్సిన పని లేదు.

అమ్మేవాళ్ళ వైపు లెక్క కూడా చెప్పాలి. పెట్టె, బబుల్ ర్యాప్, టేపు వాళ్ళ ఖర్చే. అమెరికాలో ఈబే 2011 నుంచి పోస్టేజీ మీద కూడా కమీషన్ తీసుకుంటోంది. వస్తువు ధర నామమాత్రంగా పెట్టి, మిగతాదంతా పోస్టేజీలో వేసి కమీషన్ తప్పించుకునే ఎత్తును అలా అడ్డుకుంది. కాబట్టి లేబుల్ ఖర్చుకూ మీ దగ్గర తీసుకున్నదానికీ మధ్య తేడా అంతా లాభమే అనుకోనక్కర్లేదు. పెట్టె సైజు కూడా చూడండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి, వచ్చిన అంకె అసలు బరువుకన్నా ఎక్కువైతే దాన్నే కిలోల బరువుగా తీసుకుంటాయి. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టె అయితే 4.8 కిలోల లెక్క కడతారు, లోపల ఉన్నది అరకిలో లెన్సే అయినా సరే. అమ్మేముందు చిన్న పెట్టె వెతుక్కునే ఓపిక లేనివాళ్ళు ఆ భారం కొనేవాళ్ళ మీద వేస్తారు.

ఇందులో మనవైపు బలహీనత కూడా ఒకటుంది. తాంజిమ్ హుస్సేన్, జాన్ మోర్గాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబేలో మ్యూజిక్ సీడీలు, ఎక్స్‌బాక్స్ గేములు వేలానికి పెట్టి పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. కొన్నింటికి మొదటి ధర తక్కువ, పోస్టేజీ ఎక్కువ. కొన్నింటికి తిరగేసి. మొత్తం ఒకటే అయినా, పోస్టేజీ ఎక్కువ పెట్టినవాటికే మొత్తమ్మీద ఎక్కువ పోటీ వచ్చింది. మన కళ్ళు ముందున్న ధరకు అతుక్కుంటాయి. అందుకే వెతికేటప్పుడు పోస్టేజీతో కలిపి ధర చూపించే వరుస ఎంచుకోండి. నెల ఖర్చుల పుస్తకంలో కూడా లెన్స్ 100, పోస్టేజీ 30 అని విడిగా రాయకుండా, లెన్స్ 130 అని రాసుకోండి.

డబ్బు ఎలా కట్టారో మీరు చెప్పలేదు. క్రెడిట్ కార్డయితే సైట్‌లోనూ బ్యాంకులోనూ ఒకేసారి కంప్లైంట్ పెట్టకండి. బ్యాంకు దగ్గరికి వెళ్ళారని తెలిస్తే సైట్ తన కేసు మూసేస్తుంది. ముందు సైట్, అక్కడ తేలకపోతే బ్యాంకు, రెండు గడువులూ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. వివాదం నడుస్తోంది కదా అని కార్డు బిల్లు ఆపకండి, ఆ మొత్తం పక్కన పెట్టామని బ్యాంకు రాసి ఇస్తే తప్ప వడ్డీ పడుతూనే ఉంటుంది. పేపాల్‌లో స్నేహితులకు, బంధువులకు పంపే పద్ధతిలో కట్టి ఉంటే మాత్రం కొనుగోలు రక్షణ వర్తించదు. ‘అలా పంపితే ధర తగ్గిస్తాను’ అనేవాళ్ళు మీకు ఇకముందు కూడా తగులుతారు. ఆ తగ్గింపు మీ రక్షణకు వాళ్ళు కడుతున్న వెల, చాలా తక్కువ వెల.

మీ అలవాటు తప్పు కాదు. పాతది బాగా కొంటే కొత్తదానికి పెట్టే డబ్బులో చాలా మిగులుతుంది, నేనూ మనస్ఫూర్తిగా అదే చెయ్యమంటాను. అయితే ఏడాదికి పాత వస్తువుల మీద పెట్టే మొత్తంలో కొంత భాగం వాపసులకు, రిపేర్లకు పోతుందని ముందే తీసి పెట్టుకోండి. అది తీసేశాక కూడా కొత్తదానికన్నా చౌకగా వస్తేనే కొనండి. డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ళను సైట్ మెసేజ్‌లో మూడు అడగండి: టార్చి వేసి తీసిన ఫొటో పంపగలరా, ఏ సర్వీసులో పంపుతారు, రెండు వస్తువులు కలిపి కొంటే పోస్టేజీ ఎంత. జవాబు రాసి ఇవ్వనివాళ్ళ దగ్గర కొనకండి.